విశాఖ ఉక్కపోతలో 450 డిగ్రీల ఉప్పు: కరిగిన లవణంలో వోల్టామెట్రీ చేసే పద్ధతి

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కరిగిన లవణాల ఎలక్ట్రోకెమిస్ట్రీ చేస్తామంటూ ఏటా ఒకరిద్దరు పిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్లలో చాలామందికి కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంలోనో, ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రం బార్క్‌లోనో చేరాలని ఉంటుంది. వాడేసిన అణు ఇంధనాన్ని కరిగిన ఉప్పులో వేసి, కరెంటుతో యురేనియాన్ని వేరుచేసే పద్ధతి గురించి చదివి ఉంటారు. వచ్చీరాగానే వోల్టామెట్రీకి, అంటే వోల్టేజిని క్రమంగా మారుస్తూ ఎంత కరెంటు పోతోందో గ్రాఫు తీయడానికి, వాడే పొటెన్షియోస్టాట్ సెట్టింగులు అడుగుతారు. నేను మాత్రం ముందు ఉప్పు ఎలా ఆరబెట్టాలో చెబుతాను. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఈ ప్రయోగం సగానికి పైగా అక్కడే తేలిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో కూడా ఆరబెట్టడానికి చాలానే చోటు ఇస్తున్నాను.

ముందు ఒక హద్దు పెట్టుకుందాం. కాలేజీ ల్యాబ్‌లో యురేనియం, థోరియం ముట్టుకోకూడదు. అణుశక్తి చట్టం కింద అవి రెండూ నియంత్రిత పదార్థాలు; అనుమతి, తగిన సదుపాయం ఉన్నవాళ్లకే ఆ పని. భీమిలి తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ ఉంటుంది కదా, దాన్ని తెచ్చి ఏదైనా చేద్దామని అడిగే పిల్లలూ ఉంటారు. అదీ వద్దు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అదీ నియంత్రిత ఖనిజమే. మనం వాడేది లాంథనం. దాని రేడియోధార్మికత లెక్కలోకి రానంత తక్కువ. కరిగిన క్లోరైడ్ ఉప్పులో మూడు ధనావేశాలున్న అయాన్‌గా ఉండి, మూడు ఎలక్ట్రాన్లు ఒకేసారి తీసుకుని ఎలక్ట్రోడ్ మీద లోహంగా దిగుతుంది. యురేనియం కూడా చివరి మెట్టులో మూడు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా మారుతుంది కాబట్టి ఆ లెక్కలన్నీ లాంథనంతో నేర్చుకోవచ్చు. లాంథనం ఈ కథలో వేషధారి మాత్రమే కాదు, నిజమైన పాత్ర కూడా: రియాక్టర్‌లో యురేనియం విచ్ఛిన్నమైతే పుట్టే మూలకాల్లో అదీ ఒకటి. పునఃశుద్ధి చేసేవాళ్లు యురేనియం నుంచి వేరుచేయాల్సింది సరిగ్గా ఇలాంటివాటినే.

ఏ నెలలో మొదలుపెట్టాలి

వీలైతే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. గాలిలో తేమ ఏడాది మొత్తంలో కాస్త తగ్గేది అప్పుడే. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కొత్తగా సెల్ (ఉప్పు, ఎలక్ట్రోడ్లు ఉండే మూసిన గొట్టం) బిగించే పని పెట్టుకోకండి. తేమ ఒక కారణమైతే, తుఫానుల సీజన్‌లో కరెంటు పోవడం రెండోది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత పెద్ద తుఫాను అక్కర్లేదు, గంటసేపు కరెంటు పోయినా ఫర్నేస్‌లో ఉప్పు గడ్డకట్టి లోపలున్న గాజు ఎలక్ట్రోడ్‌ను విరిచేస్తుంది. వర్షాకాలంలో లెక్కలు, చదవడం, పాత డేటా చూసుకోవడం లాంటి పనులు పెట్టుకోండి.

ఉప్పు ఆరబెట్టడం

మనం వాడే ద్రావకం లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ మిశ్రమం. మోల్ లెక్కన, అంటే బరువుతో కాక కణాల సంఖ్యతో చూస్తే, 58.5, 41.5 పాళ్లు. 100 గ్రాములు కావాలంటే 44.5 గ్రాముల లిథియం క్లోరైడ్, 55.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్. విడివిడిగా అయితే లిథియం క్లోరైడ్ 600 డిగ్రీలు దాటాక, పొటాషియం క్లోరైడ్ 770 దగ్గర కరుగుతాయి. ఈ పాళ్లలో కలిపితే 350 దాటగానే రెండూ కలిసి నీళ్లలా తేటగా కరిగిపోతాయి. అణు ఇంధనం పనికి ఈ మిశ్రమాన్నే ఎంచుకోవడానికి అదొక పెద్ద కారణం.

చిక్కంతా లిథియం క్లోరైడ్‌తోనే. గాలిలో సాపేక్ష తేమ 11 శాతం దాటితే చాలు, అది నీళ్లు పీల్చుకుని తానే నీరవుతుంది. మన ఊళ్లో తేమ 70, 80 శాతం ఉండటం మామూలే. త్రాసు మీద పెట్టి చూడండి, మీరు చూస్తుండగానే అంకె పెరుగుతూ పోతుంది. అలాంటప్పుడు ఆ తూకానికి అర్థం లేదు. అందుకే వరస ఇలా ఉండాలి: ముందు ఆరబెట్టాలి, తర్వాత మూసిన సీసాలో తూయాలి, సీసా తెరవడం ఆర్గాన్ గ్లవ్‌బాక్స్‌లోనే (ఆర్గాన్ నింపి, చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టె). గ్లవ్‌బాక్స్ లేకపోతే కనీసం ఆర్గాన్ నింపిన గ్లవ్ బ్యాగ్. డబ్బులుంటే, ముందే కలిపి, ఆరబెట్టి, గాజు ఆంప్యూల్‌లో సీల్ చేసిన పూసల రూపంలో ఈ మిశ్రమం దొరుకుతుంది. ఖరీదు ఎక్కువే. అయినా మొదటి ప్రాజెక్టుకి అదే కొనమని చెబుతాను, పిల్లల ఆరు నెలల కాలం దానికంటే విలువైనది.

సొంతంగా ఆరబెట్టుకోవాలంటే తొందర పనికిరాదు. తడి లిథియం క్లోరైడ్‌ను ఒక్కసారిగా వేడిచేస్తే నీరంతా ఆవిరై పోదు. కొంత నీరు ఉప్పుతోనే చర్య జరుపుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు బయటికి పోతుంది, లిథియం హైడ్రాక్సైడ్ లోపల మిగిలిపోతుంది. ఆ తర్వాత ఎంత వేడిచేసినా ఆ హైడ్రాక్సైడ్ తేలిగ్గా పోదు. అది గాజును తింటుంది, లాంథనాన్ని ఆక్సీక్లోరైడ్‌గా, అంటే ఆక్సిజన్ చేరిన కరగని పదార్థంగా, మార్చి అడుగుకు దించేస్తుంది. కాబట్టి వాక్యూమ్ కింద, మెట్లు మెట్లుగా వెళ్లాలి. గది ఉష్ణోగ్రతలో కొన్ని గంటలు వాక్యూమ్ పట్టండి. తర్వాత 80, ఆపైన 120, 180, 250. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని గంటలు ఆగండి. మెట్టు మార్చేముందు వాక్యూమ్ గేజ్ చూడండి. ఉష్ణోగ్రత పెంచగానే పీడనం పెరుగుతుంది, నీరు పోతున్నకొద్దీ మళ్లీ పడిపోతుంది. అది పడి నిలకడగా ఉందంటేనే పై మెట్టుకి వెళ్లండి. గడియారం చూసి నడిపే పని కాదిది. మొత్తానికి రెండు రోజులైనా పడుతుంది. రోటరీ పంపుకి ముందు లిక్విడ్ నైట్రోజన్ ట్రాప్ తప్పనిసరి. లేకపోతే హైడ్రోజన్ క్లోరైడ్ పంపు ఆయిల్‌లోకి చేరి పంపును లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది.

పొటాషియం క్లోరైడ్ అంత మొండిది కాదు. 200 డిగ్రీల పైన వాక్యూమ్‌లో ఒక రాత్రి ఉంచితే సరిపోతుంది.

లాంథనం క్లోరైడ్ విషయంలో మళ్లీ జాగ్రత్త కావాలి. మామూలుగా తక్కువ ధరకు దొరికేది ఏడు నీటి అణువులతో ఉన్న స్ఫటికం. దాన్ని నేరుగా వేడిచేస్తే ఆక్సీక్లోరైడ్ అవుతుంది. అమ్మోనియం క్లోరైడ్‌ను ఎక్కువ మోతాదులో కలిపి, వాక్యూమ్‌లో నెమ్మదిగా వేడిచేస్తే నీరు పోతుంది, తర్వాత 350, 400 డిగ్రీల మధ్య అమ్మోనియం క్లోరైడ్ కూడా ఆవిరై ట్యూబు చల్లని చివర తెల్లగా పేరుకుంటుంది. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. చిటికెడు పొడి తీసి డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. తేటగా కరిగిపోతే మంచిది. మబ్బుగా ఉంటే అందులో ఆక్సీక్లోరైడ్ ఉన్నట్టే, ఎందుకంటే అది నీటిలో కరగదు. ఈ పరీక్ష చేయకుండా ఎవరినీ ముందుకు వెళ్లనివ్వను.

సెల్ బిగించడం

గ్లవ్‌బాక్స్ లోపల ఫర్నేస్ ఉన్న ల్యాబ్ అయితే మీ పని సగం తేలిక. లేనివాళ్లు ఒక చివర మూసిన పొడవాటి క్వార్ట్జ్ ట్యూబు తీసుకుని, దానిమీద స్టీలు మూత బిగించుకోవాలి. మా మూత గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒకాయన చేసిచ్చారు. బొమ్మ చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "గ్యాసు బయటికి పోకుండా ఉంటే చాలా, వాక్యూమ్ కూడా పట్టాలా మేడమ్?" అని. వాక్యూమ్ పట్టాలంటే ఓ-రింగ్ కూర్చునే గాడి అద్దంలా నున్నగా రావాలి, గీత ఒక్కటున్నా గాలి లోపలికి వస్తుంది. మీరూ లేత్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి. స్టీలు 304 చాలు, ఓ-రింగ్ వైటాన్‌ది తీసుకోండి. మూత చుట్టూ నీళ్ల పైపు తిప్పి చల్లబరచాలి, రింగ్ మాడిపోకుండా.

మూతలో అయిదారు రంధ్రాలు కావాలి: వర్కింగ్ ఎలక్ట్రోడ్ (మనం చూసే చర్య జరిగేది), కౌంటర్ ఎలక్ట్రోడ్ (కరెంటు వలయం పూర్తిచేసేది), రిఫరెన్స్ (వోల్టేజిని దేనితో పోలుస్తామో అది), థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచేది), ఆర్గాన్ లోపలికి, ఆర్గాన్ బయటికి. ఆర్గాన్‌ను సిలిండర్ నుంచి నేరుగా పంపకండి. నీటిని పీల్చుకునే మాలిక్యులర్ సీవ్ గుళికల కాలమ్ గుండా, వీలైతే ఆ తర్వాత 800 డిగ్రీల దగ్గర వేడిచేసిన టైటానియం స్పాంజ్ గుండా పంపితే నీరు, ఆక్సిజన్ రెండూ తగ్గుతాయి. సీవ్‌ను ముందుగా 300 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆరబెట్టి ఉండాలి. సంచిలోంచి తీసి అలాగే నింపితే, మన గాలిలో అది అప్పటికే నీళ్లతో నిండిపోయి ఉంటుంది.

బయటికి వచ్చే గ్యాసు ముందు ఒక ఖాళీ సీసాలోకి, తర్వాత కాస్టిక్ సోడా నీళ్లున్న సీసాలోకి వెళ్లాలి. ఖాళీ సీసా ఎందుకంటే, ఫర్నేస్ చల్లబడేటప్పుడు కాస్టిక్ వెనక్కి పీల్చుకుపోతే అది కరిగిన ఉప్పులో పడకుండా ఆపడానికి. 450 డిగ్రీల ఉప్పులో నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై ఉప్పును చిమ్ముతుంది. ముఖానికి షీల్డ్, చేతులకు పొడి లెదర్ గ్లవ్స్, పొడి పనిముట్లు. చెమట పట్టిన చేతితో స్పాచులా ముట్టుకుని దాన్ని ఉప్పులో పెట్టొద్దు. గది తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుని ఆర్గాన్ నడపకండి, ఊపిరి ఆడక పడిపోయేదాకా ఏ వాసనా రాదు.

ట్యూబు లోపల ఉప్పు కరిగించే పాత్ర, అంటే క్రూసిబుల్, శుద్ధమైన అల్యూమినాది. లోపలి వ్యాసం 4 సెం.మీ. ఉంటే 100 గ్రాముల ఉప్పు కరిగాక దాదాపు 5 సెం.మీ. లోతు వస్తుంది. వర్కింగ్ ఎలక్ట్రోడ్‌గా 1 మి.మీ. టంగ్‌స్టన్ తీగ, సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది, అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టండి. కౌంటర్‌గా గ్లాసీ కార్బన్ కడ్డీ. గ్రాఫైట్ అయినా ఫరవాలేదు గానీ దాని రంధ్రాల్లో తేమ దాక్కుంటుంది, వాక్యూమ్‌లో కాల్చి వాడాలి. ఉష్ణోగ్రతను ఫర్నేస్ డిస్‌ప్లే చూసి రాసుకోకండి. కె టైప్ థర్మోకపుల్‌ను అల్యూమినా తొడుగులో పెట్టి ఉప్పులోనే ముంచండి. ఫర్నేస్ చెప్పేదానికీ ఉప్పు ఉన్నదానికీ తేడా పదుల డిగ్రీల్లో ఉండొచ్చు.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్

ఒక చివర మూసిన పైరెక్స్ ట్యూబు, 6 మి.మీ. వ్యాసం, అడుగు పలుచగా ఊదించినది. అందులో అదే లిథియం-పొటాషియం మిశ్రమానికి బరువులో 1 శాతం సిల్వర్ క్లోరైడ్ కలిపి ఒక గ్రాము వేయండి. 1 మి.మీ. వెండి తీగ దించండి. వేడెక్కినప్పుడు పైరెక్స్ గాజు గుండా సోడియం అయాన్లు కదులుతాయి కాబట్టి రంధ్రం లేకుండానే విద్యుత్ సంబంధం ఏర్పడుతుంది. 500 డిగ్రీలు దాటితే ఈ గాజును నమ్మకండి. ఈ గైడ్ అంతా 450 మీద నడపడానికి కారణం అదే. ఇంకా వేడి కావాలంటే ముల్లైట్ ట్యూబుకి మారాలి.

ఎప్పుడూ రెండు చేయండి. ఒకే రకంగా చేసిన రెండింటినీ ఒకే ఉప్పులో ముంచి వాటి మధ్య వోల్టేజి చూడండి. రెండు మూడు మిల్లీవోల్టుల్లో ఉంటే బాగున్నట్టు. పది, ఇరవై ఉంటే ఏదో ఒకదానిలో తడి ఉంది, లేదా గాజు పగిలింది. ఎంత సిల్వర్ క్లోరైడ్ వేశారో నోట్‌బుక్‌లోనే కాదు, ప్రతి గ్రాఫు కింద కూడా రాయండి. 450 డిగ్రీల దగ్గర గాఢత పది రెట్లు మారితే ఒక ఎలక్ట్రాన్ చర్యకు వోల్టేజి 143 మిల్లీవోల్టులు మారుతుంది. 1 శాతం వేసినవాళ్లకీ 5 శాతం వేసినవాళ్లకీ తేడా దాదాపు 100 మిల్లీవోల్టులు. ఈ వివరం రాయని పేపర్‌తో మీ అంకె పోల్చుకుని టెన్షన్ పడటంలో అర్థం లేదు.

లాంథనం వేయకముందు

ఉప్పు కరిగింది, తేటగా ఉంది, అడుగు కనిపిస్తోంది. ఇప్పుడు ఉత్త ఉప్పుతోనే వోల్టామోగ్రామ్ (వోల్టేజి మారినకొద్దీ కరెంటు ఎలా మారిందో చూపే గ్రాఫు) తీయాలి. ఈ బ్లాంక్ నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అతి ముఖ్యమైన గ్రాఫు. సున్నా వోల్టు దగ్గర మొదలుపెట్టి మైనస్ వైపు వెళ్లండి. మన రిఫరెన్స్‌తో చూస్తే సుమారు −2.4 వోల్టుల దగ్గర కరెంటు గీత ఒక్కసారిగా మైనస్ వైపు కిందికి దిగిపోతుంది, అది లిథియం లోహం దిగడం. అప్పటిదాకా గీత చదునుగా, సున్నాకి దగ్గరగా ఉండాలి. మధ్యలో మెట్లు, గుట్టలు కనిపిస్తే ఉప్పులో నీటి తాలూకు హైడ్రాక్సైడ్ గానీ, ఇనుము లాంటి లోహపు మలినాలు గానీ ఉన్నాయి.

గుట్టలు చిన్నవైతే ప్రీ-ఎలక్ట్రోలిసిస్‌తో తీసేయొచ్చు. వేరే టంగ్‌స్టన్ తీగను ముంచి, లిథియం దిగే చోటుకి కొంచెం ఇవతల వోల్టేజి పట్టి కొన్ని గంటలు ఉంచండి. కరెంటు తగ్గుతూ వచ్చి ఒక చోట నిలుస్తుంది. ఆ సమయంలో కౌంటర్ దగ్గర క్లోరిన్ పుడుతుంది. 10 మిల్లీ ఆంపియర్లు మూడు గంటలు నడిస్తే గది ఉష్ణోగ్రతలో 14 మి.లీ. దాకా క్లోరిన్ అవుతుంది. చిన్న మొత్తమే, అయినా అది కాస్టిక్ సీసా గుండానే బయటికి పోవాలి. పని అయ్యాక ఆ తీగ తీసేసి కొత్తది పెట్టండి. గుట్టలు పెద్దవైతే మాత్రం ఆ ఉప్పును వదిలేసి మళ్లీ ఆరబెట్టడం నుంచి మొదలుపెట్టండి. ఇలా చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వాడిపోతాయి, నాకూ బాధగానే ఉంటుంది. కానీ చెడ్డ బ్లాంక్ మీద తీసిన ఏ అంకెనూ తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

లాంథనం పీక్

100 గ్రాముల ఉప్పుకి 1 గ్రాము లాంథనం క్లోరైడ్ వేయండి. కరగడానికి గంటైనా ఇవ్వండి. ఉప్పు తేటగానే ఉండాలి. మబ్బు కమ్మితే ఆక్సీక్లోరైడ్ పుట్టినట్టే.

ఇప్పుడు సెకనుకి 100 మిల్లీవోల్టుల వేగంతో స్కాన్ చేయండి. −2 వోల్టుల ప్రాంతంలో గీత నిట్టనిలువుగా దిగి, పీక్ చేసి, మెల్లగా పైకి వస్తుంది. లిథియం దిగే చోటుకి ముందే వెనక్కి తిప్పండి. తిరుగు దారిలో దిగిన లాంథనం మొత్తం మళ్లీ కరిగే పీక్ సన్నగా, పొడుగ్గా వస్తుంది, లోహం అయిపోగానే కరెంటు ఠక్కున పడిపోతుంది. ఈ అసమానమైన రూపమే లోహం దిగిందని చెప్పే మొదటి సాక్ష్యం. "పీక్ వచ్చింది మేడమ్" అని పిల్లలు పరుగెత్తుకొస్తే నేను చూసేది కిందికి దిగిన పీక్‌ని కాదు, ఈ తిరుగు పీక్ చివరని.

పీక్ ఎంత ఎత్తు రావాలో ముందే లెక్కకట్టి పెట్టుకోండి. 450 డిగ్రీల దగ్గర ఈ ఉప్పు సాంద్రత ఘన సెం.మీ.కి 1.65 గ్రాములు. ఆ ప్రకారం లాంథనం గాఢత ఘన సెం.మీ.కి సుమారు 0.0000665 మోల్. తీగ 1 సెం.మీ. లోతు మునిగితే ఉపరితలం 0.32 చదరపు సెం.మీ. విసరణ గుణకం (అయాన్లు ఉప్పులో ఎంత వేగంగా వ్యాపిస్తాయో చెప్పే అంకె) సెకనుకి 0.00001 చదరపు సెం.మీ. అనుకుంటే, కరిగిన అయాన్ ఘన లోహంగా దిగే చర్యకు వాడే బెర్జిన్స్-డెలాహే సమీకరణం ప్రకారం పీక్ కరెంటు దాదాపు 26 మిల్లీ ఆంపియర్లు. మీకు 20, 30 మధ్య వస్తే అంతా సవ్యంగా ఉంది. 3 వస్తే లాంథనం చాలావరకు అడుగున ఆక్సీక్లోరైడ్‌గా పడి ఉంది. నీటి ద్రావణాలకు మీరు నేర్చుకున్న రాండిల్స్-సెవ్‌చిక్ సమీకరణంలో గుణకం 0.446, అది ఉత్పత్తి కూడా ద్రావణంలోనే ఉండే చర్యలకు. ఇక్కడ గుణకం 0.61. చాలామంది ఈ తేడా చూసుకోరు, దాంతో విసరణ గుణకం దాదాపు రెట్టింపు వస్తుంది.

ఇక రెండు చోట్ల తప్పు లెక్కలు దూరతాయి. మొదటిది మునిగిన లోతు. 1 సెం.మీ. అనుకున్నది 1.1 అయితే ఉపరితలం పది శాతం తేడా, విసరణ గుణకం అందులో వర్గంగా వస్తుంది కాబట్టి ఇరవై శాతం తేడా. పైగా ఉప్పు తీగ పొడవునా పైకి ఎగబాకుతుంది. దీనికి చక్కటి మార్గం ఉంది: మొత్తం లోతు కొలవాలని చూడకండి. తీగను మైక్రోమీటర్ స్క్రూకి తగిలించి, 2 మి.మీ. చొప్పున దించుతూ ఒక్కో లోతులో పీక్ తీయండి. లోతు పెరిగినకొద్దీ పీక్ ఎంత పెరిగిందో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు చాలు. 1 మి.మీ. తీగకి ప్రతి సెం.మీ.కి 0.314 చదరపు సెం.మీ. పెరుగుతుందన్నది ఖాయం. ఎగబాకిన ఉప్పు, తీగ కొన, మొదటి లోతు అంచనా అన్నీ వాటంతట అవే కొట్టుకుపోతాయి.

రెండోది నిరోధం. కరిగిన ఉప్పు విద్యుత్తును అద్భుతంగా ప్రవహింపజేస్తుంది. 450 డిగ్రీల దగ్గర దీని వాహకత మన రామకృష్ణా బీచ్ సముద్రపు నీటి కంటే దాదాపు 30 రెట్లు. అందుకని నిరోధం గురించి పట్టించుకోనక్కర్లేదని అనుకుంటారు. లెక్క చూడండి. మూడు ఎలక్ట్రాన్ల లోహపు చర్యకు పీక్ వోల్టేజికీ, పీక్‌లో సగం ఎత్తు ఉన్న వోల్టేజికీ మధ్య ఉండాల్సిన దూరం ఈ ఉష్ణోగ్రతలో 16 మిల్లీవోల్టులే. తీగలు, క్లిప్పులు, ఉప్పు అన్నీ కలిసి అర ఓమ్ ఉంటే, 26 మిల్లీ ఆంపియర్ల దగ్గర 13 మిల్లీవోల్టులు అక్కడే పోతాయి. పీక్ వెడల్పై, మూడు ఎలక్ట్రాన్ల చర్య దాదాపు రెండు ఎలక్ట్రాన్ల చర్యలా కనిపిస్తుంది. అందుకే ఇంపిడెన్స్‌తో (చిన్న ఏసీ వోల్టేజి పంపి కొలిచే పద్ధతి) నిరోధం కొలిచి, పొటెన్షియోస్టాట్‌లో ఆ సవరణ పెట్టాలి. తుప్పు పట్టిన క్రొకడైల్ క్లిప్పులు తీసి పారేయండి. ఉప్పు గాలికి ఇక్కడ అవి నెలల్లోనే పచ్చబడతాయి.

సవరణ చేశాక కూడా 16 కంటే కొంచెం ఎక్కువే వస్తుంది. ఖాళీ టంగ్‌స్టన్ మీద మొదటి లాంథనం కణం పుట్టడానికి అదనపు వోల్టేజి కావాలి. అందువల్ల ఎలక్ట్రాన్ల సంఖ్యను ఒక్క పీక్ వెడల్పుతో తేల్చేయకుండా స్క్వేర్ వేవ్ వోల్టామోగ్రామ్ (వోల్టేజిని మెట్లుగా, చిన్న చదరపు తరంగాలతో మార్చి తీసేది) కూడా తీయండి. అక్కడ సగం ఎత్తు దగ్గర వెడల్పు మూడు ఎలక్ట్రాన్లకు 73 మిల్లీవోల్టులు ఉండాలి. లోహం దిగే చర్యలో ఆ పీక్ ఒక పక్కకు ఒరుగుతుంది, నిటారుగా లేచే వైపు సగాన్ని కాక, రెండో సగాన్ని కొలిచి రెట్టింపు చేయడం వాడుక.

ప్రతి స్కాన్‌కీ మధ్య తీగను −1 వోల్టు దగ్గర కాసేపు పట్టి, కరెంటు సున్నాకి వచ్చేదాకా ఆగండి. పాత లాంథనం మిగిలితే తర్వాతి స్కాన్‌లో ఉపరితలం పెరిగి పీక్ పెద్దదవుతుంది. స్కాన్ వేగాలు 50 నుంచి 200 మధ్య ఉంచండి. మరీ నెమ్మదిగా పోతే ఉప్పులో వేడి వల్ల పుట్టే కదలిక లెక్కను చెడగొడుతుంది, మరీ వేగంగా పోతే మళ్లీ నిరోధం దగ్గరికే వస్తాం.

సమతుల్య వోల్టేజి (కరెంటు ఏమీ పోనప్పుడు లోహానికీ దాని అయాన్‌కీ మధ్య నిలిచేది) కావాలంటే పీక్‌లోంచి తీయకండి. అర నిమిషం లాంథనాన్ని దించి, సర్క్యూట్ తెరిచి, వోల్టేజిని చూస్తూ ఉండండి. లోహం ఉన్నంతసేపు గీత చదునుగా ఒక చోట నిలుస్తుంది. ఆ మెట్టే మీ అంకె. ఇదే పద్ధతిలో చివర్లో లిథియాన్ని కూడా కాస్త దించి దాని మెట్టు రాసుకోండి. వెండి రిఫరెన్స్ పక్కకు జరిగిందో లేదో లిథియం మెట్టు చెప్పేస్తుంది.

ఆపేటప్పుడు

ఫర్నేస్ ఆపడానికి ముందే, ఉప్పు ఇంకా ద్రవంగా ఉండగానే, ఎలక్ట్రోడ్లన్నీ పైకి లాగండి. ముఖ్యంగా గాజు రిఫరెన్స్. లాంథనం గాఢత సరిచూసుకోవడానికి చల్లని క్వార్ట్జ్ కడ్డీని ఒకసారి ముంచి తీస్తే దానిమీద ఉప్పు పొరలా గడ్డకడుతుంది. దాన్ని ఐసీపీ (మూలకాల మోతాదు కొలిచే పరికరం) ఉన్న ల్యాబ్‌కి మూసిన సీసాలో పంపండి. ఉప్పు గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆర్గాన్ ఆపొద్దు.

యురేనియం గ్రాఫులు చదవడం

ఇంత చేశాక పేపర్లలో ఉన్న ఆక్టినైడ్ (యురేనియం, ప్లుటోనియం లాంటి మూలకాల) వోల్టామోగ్రామ్‌లు మీకు అర్థమవుతాయి. అమెరికాలో ఇడాహోలోని ఈబీఆర్-2 రియాక్టర్ ఇంధనాన్ని 1996 నుంచి ఈ ఉప్పులోనే శుద్ధి చేస్తున్నారు. తరిగిన ఇంధనాన్ని స్టీలు బుట్టలో ఆనోడ్‌గా పెడితే యురేనియం కరిగి, స్టీలు క్యాథోడ్ మీద కొమ్మలు కొమ్మలుగా దిగుతుంది. సీజియం, స్ట్రాన్షియం ఉప్పులో ఉండిపోతాయి. మన కల్పాక్కంలో కూడా అధిక వేడిలో చేసే ఈ పైరోకెమికల్ పద్ధతి మీద చాలా ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది, లోహ ఇంధనంతో నడిచే బ్రీడర్ రియాక్టర్లకు ఇది కావాలి కాబట్టి.

ఇదంతా ఎందుకు పనిచేస్తుందో వోల్టేజి వరసలో ఉంది. క్లోరిన్ ఎలక్ట్రోడ్‌ను సున్నాగా తీసుకుంటే, ఈ ఉప్పులో యురేనియం సుమారు −2.5 వోల్టుల దగ్గర, ప్లుటోనియం −2.8 దగ్గర, లాంథనం −3.1 దగ్గర, లిథియం −3.6 దగ్గర దిగుతాయి. మూడు ఎలక్ట్రాన్ల చర్యకు గాఢత పది రెట్లు మారితే 48 మిల్లీవోల్టులు జరుగుతుంది. యురేనియానికీ లాంథనానికీ ఉన్న 600 మిల్లీవోల్టుల దూరాన్ని గాఢతతో పూడ్చాలంటే పది రెట్లను పన్నెండు సార్లు హెచ్చించాలి. అందుకే యురేనియం దిగుతుంటే లాంథనం ఉప్పులోనే ఉంటుంది. మీరు కొలిచిన లాంథనం మెట్టు ఆ దూరానికి ఒక కొస.

యురేనియం గ్రాఫులో మీకు రెండు జతల పీక్‌లు కనిపిస్తాయి. కుడివైపు జత నాలుగు ధనావేశాల నుంచి మూడుకి దిగే చర్య, రెండు రూపాలూ ఉప్పులోనే కరిగి ఉంటాయి. దాని పోయే పీక్, తిరుగు పీక్ ఒకేలాంటి గుండ్రని రూపంలో ఉంటాయి. వాటి మధ్య దూరం 59 మిల్లీవోల్టులు కాదేమని ఆగిపోకండి. ఆ అంకె 25 డిగ్రీలది, 450 దగ్గర అది దాదాపు 140 అవుతుంది. ఎడమ జత లోహం దిగడం, అది మీ లాంథనం గ్రాఫు రూపంలోనే ఉంటుంది. సమేరియం, యూరోపియం గ్రాఫుల్లో ఆ ఎడమ జత ఉండదు. వాటి రెండు ధనావేశాల అయాన్ లోహంగా మారేలోపే లిథియం దిగడం మొదలవుతుంది.

ఏ పేపర్ తీసుకున్నా ముందు రిఫరెన్స్‌లో సిల్వర్ క్లోరైడ్ శాతం వెతకండి. తర్వాత ఉత్త ఉప్పు బ్లాంక్ చూపించారా చూడండి. ఆ తర్వాత తీగ మునిగిన లోతు ఎలా కొలిచారో, నిరోధం సవరించారో లేదో చూడండి. ఈ నాలుగూ ఉన్న పేపర్ అంకెలను మీ లెక్కల్లోకి తీసుకోండి. బ్లాంక్ లేని పేపర్ నుంచి విసరణ గుణకం మాత్రం తీసుకోకండి.